నెర్రెసీమ: బల్ల మీద కట్టిన పాడురాజ్యం పని డైరీ

నెర్రెసీమ నేను రాస్తున్న కథల్లోని రాజ్యం. యుద్ధం తర్వాత పాడుపడ్డ దేశం. దాని నేలను ఎత్తుపల్లాలతో సహా 120 సెం.మీ. × 80 సెం.మీ. బల్ల మీద కట్టడమే ఈ పని. హైదరాబాద్‌లో, తార్నాకలోని మా ఇంటి ముందు గదిలో, రాత్రిళ్ళు, ఆదివారాలు కూర్చుని చేశాను. ఇలాంటిది కట్టాలనుకునేవాళ్ళకు నా తప్పులు ముందే తెలిస్తే చాలా గంటలు మిగులుతాయి. అందుకే కుదిరినవాటి కంటే కుదరనివాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

దశ 1. కాగితం మీద

పటం కొలత 1:2,50,000. అంటే 1 సెం.మీ.కు 2.5 కి.మీ. బల్ల మొత్తం 300 కి.మీ. పొడవు, 200 కి.మీ. వెడల్పు ఉన్న దేశమన్నమాట. నేల ఎత్తు సముద్రమట్టానికి 150 మీటర్ల నుంచి 900 మీటర్ల దాకా. ఈ అంకెలు దక్కన్ పీఠభూమిని చూసి పెట్టుకున్నవి. భారత సర్వే సంస్థ 1:50,000 పటాలు ఉచితంగా దొరుకుతున్నాయి. వికారాబాద్ వైపు పటాలు దించుకుని, వాగులు గుట్టల మధ్య ఎలా తిరుగుతాయో వారం రోజులు ట్రేసింగ్ పేపరు మీద దిద్దాను. ఆ వారం వృథా కాలేదు.

మొదటి పటంలో దొరికిన తప్పులు ఇవి:

1. రాజధాని మత్తడికోటను 9 సెం.మీ. వెడల్పున గీశాను. అంటే 22 కి.మీ. పైమాటే. గోల్కొండ బయటి ప్రాకారం చుట్టుకొలత సుమారు 10 కి.మీ. నా పటంలో అది 1.3 సెం.మీ. అడ్డకొలత ఉన్న చుక్క. అంత పెద్ద కోటే చుక్కయితే మిగతా కోటలు సూదిమొన కంటే పెద్దవి కాకూడదు.
2. చీకటేరు ఒకచోట ఎత్తు ఎక్కింది. నది గీతను కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) కోసే చోట్లన్నీ వరసగా రాసుకుంటే ఏడో కోతకూ ఎనిమిదో కోతకూ మధ్య నీళ్ళు 75 మీటర్లు పైకి పోతున్నాయి. కంటితో పదిసార్లు చూసినా దొరకని తప్పు జాబితా రాయగానే దొరికింది.
3. నా సేనాపతి దేశాన్ని మూడు రోజుల్లో దాటాడు. ఎద్దుల మీద సామాను మోయించే సైన్యం రోజుకు 15 కి.మీ. నడిస్తే గొప్ప. పటం మీద 6 సెం.మీ. డివైడరును 6 సెం.మీ.కు తెరిచి నడిపిస్తే 300 కి.మీ.కు 20 రోజులు పట్టింది.

దిద్దిన తర్వాత చీకటేరును దారంతో కొలిచాను. 112 సెం.మీ., అంటే 280 కి.మీ. పుట్టేది 780 మీటర్ల దగ్గర, దేశం దాటేది 160 దగ్గర. కిలోమీటరుకు 2.2 మీటర్ల వాలు. మన మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి సుమారు 240 కి.మీ. పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దాదాపు అంతే పొడవు కాబట్టి, వాగు ఎక్కడ మెలికపడాలి, ఎక్కడ పరుచుకోవాలి అనేదానికి మూసీనే ఎదురుగా పెట్టుకున్నాను.

ఇప్పటిదాకా: 26 గంటలు, 420 రూపాయలు.

దశ 2. థర్మోకోల్ (మానుకోవాల్సిన దారి)

దీని గురించి కొంచెమే. 10 మి.మీ. థర్మోకోల్‌ను పొరలుగా కోసి పేర్చాను. అసలు కొలతలోనే కడితే 750 మీటర్ల ఎత్తు తేడా 3 మి.మీ. అవుతుంది, అట్టముక్క మందం. అందుకే ఎత్తును 20 రెట్లు పెంచాను. ఆరు పొరలు, 60 మి.మీ. కొండలన్నీ వడ్ల కుప్పల్లా లేచాయి. వాలు ఎక్కడా కనబడలేదు, మెట్లే కనబడ్డాయి. పైగా ఆ థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే పెయింట్ కొట్టాను. అందులోని ద్రావకం థర్మోకోల్‌ను కరిగిస్తుంది. గద్దగుట్టల ఉత్తరం వైపు పది నిమిషాల్లో గుంటలు పడి కూలిపోయింది. మొత్తం తీసి పారేశాను.

ఇప్పటిదాకా: 40 గంటలు, 1,340 రూపాయలు.

దశ 3. సన్‌బోర్డు

రాణిగంజ్ నుంచి 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ పలక), 8 × 4 అడుగుల షీట్లు రెండు. ఒక షీటులో 120 × 80 ముక్కలు మూడు వస్తాయి. ఎత్తు ఈసారి 10 రెట్లే పెంచాను. 1 మి.మీ. అంటే 25 మీటర్లు, ఒక పొర 75 మీటర్లు, పది పొరలు కలిసి 30 మి.మీ. గోల్కొండ గుట్ట సుమారు 120 మీటర్లు, ఈ లెక్కలో 5 మి.మీ.కు కొంచెం తక్కువ. ఒక ఆదివారం బాలా హిసార్ దాకా ఎక్కి కింద నగరాన్ని చూసి వచ్చాక, బల్ల మీద ఆ 5 మి.మీ. గుట్టను వేలితో తడిమి చూశాను. సరిపోయిందనిపించింది.

కోసే పద్ధతి:

1. కాంటూరు పటాన్ని రెండు కాపీలు తీయాలి.
2. ఒక ముక్క మీద బేసి గీతలు, ఇంకో ముక్క మీద సరి గీతలు దిద్దాలి.
3. బ్లేడును ఒక్క పోటున నొక్కొద్దు. మూడు సార్లు తేలిగ్గా లాగాలి. ఒక్కసారే నొక్కితే అంచు చిట్లుతుంది.
4. పై పొర కింది పొర మీద కనీసం 15 మి.మీ. కూర్చోవాలి. నేను 8 మి.మీ. ఉంచి రెండు చోట్ల జారవిడిచాను.

ఇలా చేస్తే పొరకో ముక్క చొప్పున పది ముక్కలు అక్కర్లేదు, ఆరుతో అయిపోతుంది. అయితే లోపల డొల్ల మిగులుతుంది.

జిగురు దగ్గర పెద్ద దెబ్బ తగిలింది. తెల్ల జిగురు పూసి, పుస్తకాలు బరువు పెట్టి మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు ఎత్తి చూస్తే అంచులు పట్టుకున్నాయి, నడుమ ఇంకా పాలలా తడిగా ఉంది. తెల్ల జిగురులోని నీరు ఆవిరైతేనే పట్టు వస్తుంది. సన్‌బోర్డు ప్లాస్టిక్, నీరు పీల్చదు, రెండు ప్లాస్టిక్ పలకల నడుమ నుంచి తేమ పోవడానికి దారి లేదు. జూలై ముసురు దానికి తోడు. అన్నీ విప్పి, తుడిచి, రెండువైపులా అతుక్కునే టేపుతో మళ్ళీ కట్టాను. ఆరు చుట్టలు పట్టాయి. విప్పడానికే ఏడు గంటలు పోయాయి.

ఇప్పటిదాకా: 73 గంటలు, 3,930 రూపాయలు.

దశ 4. చర్మం, నీళ్ళు

మెట్లు కనబడకుండా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూశాను. రెండు నష్టాలు జరిగాయి. డొల్లగా ఉన్న చోట బరువుకు నేల 4 మి.మీ. కుంగింది, అంటే 100 మీటర్లు. ఒక కొండ కాస్తా లోయ అయింది. రెండోది, నున్నటి ప్లాస్టిక్ మీద ప్లాస్టర్ పట్టు పట్టక, ఆరాక పెచ్చులుగా లేచింది. గీకేసి, డొల్లలో సన్‌బోర్డు తుంపులతో గుంజలు నిలిపాను. 10 సెం.మీ.కు ఒకటి చాలు. పైన పాత దినపత్రికల ముక్కలు, జిగురు-నీళ్ళు సగం సగం కలిపి నాలుగు పొరలు అతికించాను. ఇక్కడ తెల్ల జిగురే సరైనది, కాగితం తేమను వదులుతుంది. ఎండాక ఇసుక కాగితం, ఆ పైన వార్నిషు రెండు పూతలు.

తర్వాత చేసిన పరీక్ష ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైనది. రాజ్యం పటం గీసే ప్రతివాళ్ళూ చేయాలి.

1. 200 మి.లీ. నీళ్ళలో నీలిమందు చుక్కలు కలపాలి.
2. సూది లేని సిరంజితో నది పుట్టే చోట మెల్లగా వదలాలి.
3. దేశం దాటే చోట గిన్నె పెట్టి, వచ్చిన నీళ్ళు కొలవాలి.

గిన్నెలోకి వచ్చింది 61 మి.లీ. 118 మి.లీ. మత్తడికోటకు పడమట ఒక పళ్ళెంలాంటి పల్లంలో నిలిచింది. మిగతాది తడిగా పరుచుకుపోయింది. పల్లం అంచు రాజధాని కోట గోడలోకే వచ్చింది. అంటే నేను రాజధానిని చెరువులో కట్టాను.

రెండు దారులు కనబడ్డాయి. కాగితం గుజ్జుతో పల్లాన్ని పూడ్చడం ఒకటి. నేల చెప్పింది ఒప్పుకోవడం రెండోది. రెండోదే చేశాను. రాజధానిని 4 సెం.మీ., అంటే 10 కి.మీ. తూర్పుకు జరిపాను. పల్లాన్ని పెద్ద చెరువు చేశాను. దానికి నీళ్ళిచ్చే పిల్లేరు వాగు మీద పైకి పోతూ ఇంకో ఆరు చెరువులు. మొత్తం ఏడు. మన దగ్గర గొలుసుకట్టు చెరువులంటామే, అవే.

ఇక్కడే నా చరిత్ర విరిగింది.

అప్పటిదాకా నెర్రెసీమ పాడుపడటానికి కారణం ఒక అగ్నిసర్పం. ఒక్క రాత్రిలో అంతా కాల్చేసింది, దేశమంతా బూడిద. కానీ నేల ముందు పెట్టుకుని చూస్తే అది నిలవలేదు. కాలిన చేను తర్వాతి వానకు మొలకెత్తుతుంది. కాలిన ఊరిలో జనం మళ్ళీ గుడిసెలు వేసుకుంటారు. మరి వందేళ్ళ పాటు ఎవరూ రాకపోవడానికి ఏం జరగాలి?

మన చరిత్రలోకి పోయి వెతికాను. ఓరుగల్లు 1323లో పడింది. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయి. 1565 తర్వాత విజయనగరం నగరంగా చచ్చిపోయింది, కానీ ఆ రాజులు తుంగభద్ర నుంచి తవ్వించిన కాలువల్లో నీళ్ళు పారుతూనే ఉన్నాయి, హంపి శిథిలాల పక్కనే చేలు పచ్చగా ఉంటాయి. రాజు పోతే నేల చావదు. కట్టను కాచుకునే మనిషి పోతే చస్తుంది. ఈ మాట దొరకడానికి నాకు నూరు గంటలు పట్టింది.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచినప్పుడు ఎగువన చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగడం ఆ విపత్తును పెంచింది. ఆ వరద తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, అప్పుడు 150 మంది ఎక్కి బతికారని చెప్పుకునే చింతచెట్టును పోయి చూశాను. నెర్రెసీమలో నాలుగో చెరువు కింద ఒక చింతచెట్టు పెట్టాను. రాగి తీగ పురిపెట్టి చేసింది, 6 మి.మీ. ఎత్తు ఉంటుంది. పటం కొలతతో దానికి పని లేదు, తెలిసే పెట్టాను.

ఇప్పటిదాకా: 101 గంటలు, 4,550 రూపాయలు.

దశ 5. కట్టలు తెంపడం

ఏడు చెరువులకూ బంకమట్టితో 4 మి.మీ. ఎత్తు కట్టలు పోశాను. నీళ్ళు నింపి, పై చెరువు కట్టను సూదితో తెంపాను. కింద ఆరింటిలో మూడు తెగాయి. సంతోషంగా ఫొటో తీసి మా పెద్దనాయినకు పంపాను. ఆయన జనగామ దగ్గర ఊళ్ళో ఏళ్ళ తరబడి నీరటి పని, అంటే చెరువు తూము తెరిచి మూసి పొలాలకు నీళ్ళు వదిలే పని, చేసిన మనిషి. వెంటనే ఫోన్ చేశాడు. మొదట అడిగింది మత్తడి గురించి, అంటే చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే దారి గురించి.

"మత్తడి ఏడున్నది బిడ్డా?"

"పెట్టలేదు పెద్దనాయినా."

"మత్తడి లేని చెరువు తెగుడేంది, అది మొదటి పెద్దవానకే పోతది. నువ్వు తెంపాల్సిన పనే లేదు. తూము ఏది? తూము మూసేటోడు ఏడ పండుకుంటడు?"

ఆ ఆఖరి ప్రశ్న నా పుస్తకంలో పెద్దక్షరాలతో రాసుకున్నాను.

కట్టలకు 1 మి.మీ. వెడల్పు మత్తళ్ళు కోశాను. నీళ్ళు దాటలేదు. అంత సన్నటి సందులో నీటి చుక్క తన పొరతోనే ఆగిపోతుంది. 4 మి.మీ.కు వెడల్పు చేసి, నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బునీరు రెండు చుక్కలు వేస్తే సాఫీగా పారింది. ఈసారి పై కట్ట తెంపితే దాని కింది చెరువు ఒక్కటే తెగింది. తర్వాత మూడో చెరువు మత్తడిని మట్టితో మూసి మళ్ళీ చేశాను. నాలుగు తెగాయి. ఒక హెచ్చరిక: ఎత్తు 10 రెట్లు పెంచిన బల్ల మీద నీళ్ళు ఎటు పోతాయో తెలుస్తుంది కానీ ఎంత వేగంగా పోతాయో తెలియదు. సెకన్లు లెక్కపెట్టి దాన్ని గంటలుగా మార్చొద్దు.

దీంతో కొత్త చరిత్ర ఇలా నిలబడింది. సంవత్సరాలు నెర్రెసీమ సొంత లెక్కలోవి.

340వ ఏడు: ఉత్తరం నుంచి 20,000 మంది సైన్యం. మనిషికి రోజుకు కిలో గింజలు అనుకుంటే 20 టన్నులు. ఎద్దుకు క్వింటాలు చొప్పున రోజుకు 200 ఎద్దుల మోత. రెండు నెలలకు 12,000 ఎద్దులు, వాటికి గడ్డి, నీళ్ళు. మొఘల్ సైన్యాలకు బంజారాలు ఇలాగే ఎద్దుల మీద ధాన్యం చేరవేసేవాళ్ళు. 1687లో గోల్కొండ ముందు దాదాపు ఎనిమిది నెలలు కూర్చున్న ఔరంగజేబు సైన్యం కూడా ఆకలికి అల్లాడింది. నా సైన్యానికి అలాంటి మోత లేదు. అందుకే దారికి అటూ ఇటూ ఒక రోజు నడక దూరంలో గాదెలన్నీ ఊడ్చింది, విత్తనాల వడ్లతో సహా. మత్తడికోట ఆరు నెలలకు లొంగింది.

341: మంచి వానలు. చెరువులన్నీ నిండాయి. మూడో చెరువు మత్తడికి చెట్లు అడ్డం పడ్డాయి. తీసేవాళ్ళు లేరు.

342: విత్తనం లేదు, ఎద్దు లేదు, కట్ట లేదు. దక్షిణానికి వలస.

ఇది కల్పిత రాజ్యం కాబట్టి ఒక అద్భుతం ఉండాలి. మన చెరువు కట్టల మీద కట్టమైసమ్మ ఉంటుంది కదా, నెర్రెసీమలో ప్రతి కట్ట మీదా ఒక కట్టమ్మ. రాత్రిపూట ఆమె లేచి, ఎండ్రకాయలు తవ్విన బొరియలు చేత్తో పూడుస్తుంది. కానీ సాయంత్రం ఎవరో ఒకరు దీపం పెట్టాలి. దీపం లేకపోతే ఆమెకు కళ్ళు కనబడవు. అగ్నిసర్పం తీసేశాను. ఆమె చాలు.

ఇప్పటిదాకా: 123 గంటలు, 4,640 రూపాయలు.

దశ 6. మట్టి రంగులు

మొదట దేశమంతా బూడిదరంగు వేసి ఉన్నాను. సైన్యం లెక్క కట్టాక అది తప్పని తెలిసింది. పాడుపడింది దేశమంతా కాదు, దారికి అటూ ఇటూ 6 సెం.మీ. చొప్పున 12 సెం.మీ. పట్టీ, దానితోపాటు పిల్లేరు కింది ఆయకట్టు. మిగతాచోట జనం ఉన్నారు. తక్కువే కానీ ఉన్నారు. గీకి మళ్ళీ వేశాను.

రంగు డబ్బాల కంటే నిజం మట్టి మేలు. చెలకలకు మా వీధి చివర పునాది తవ్విన చోటి ఎర్రమట్టి, కొంచెం జాజు కలిపి. నెర్రెలకు వికారాబాద్ అవతలి నల్లరేగడి. రేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుని దానంతట అదే పగులుతుంది. చేత్తో గీసిన పగులు ఎప్పుడూ అలా రాదు. నాలుగు పాళ్ళు ప్రయత్నించాను:

1. రేగడి, నీళ్ళు మాత్రమే: పగుళ్ళు బాగా వచ్చాయి, మర్నాటికి పెచ్చులూడాయి.
2. మట్టి 2, జిగురు 1: పగలనే లేదు, తోలులా ఆరింది.
3. మట్టి 8, జిగురు 1, మందం 2 మి.మీ.: అంచులు పైకి లేచాయి.
4. మట్టి 8, జిగురు 1, మందం 4 మి.మీ., కింద గరుకు కాగితం: సరిగ్గా కుదిరింది.

మట్టిని ముందు టీ జల్లెడతో జల్లించాలి. ఈ కొలతలో చిన్న ఇసుక రేణువు కూడా గుట్టంత బండరాయిలా కనబడుతుంది.

ఇప్పటిదాకా: 138 గంటలు, 4,780 రూపాయలు.

దశ 7. సూదులు

పాత రెవెన్యూ రికార్డుల్లో జనం లేని గ్రామాన్ని బేచిరాగ్ అని రాసేవాళ్ళు. దీపం లేనిదని అర్థం. ఊరు కాగితాల మీద ఉంటుంది, పొలాలకు నంబర్లు ఉంటాయి, సాయంత్రం వెలిగే ఇల్లు ఉండదు. ఆ మాట విన్న రోజే ఈ పటానికి గుర్తులు ఖాయమయ్యాయి. నల్ల తల సూది బేచిరాగ్ ఊరు, పసుపు తల సూది దీపం ఉన్న ఊరు. కట్టమ్మ కథ కూడా ఆ మాటలోంచి పుట్టిందే.

మొత్తం 214 ఊళ్ళు. ఒక్కో ఊరికి నీళ్ళు ఏడ నుంచి వస్తాయో రాసుకుని, ఆ చెరువు తెగితే నల్లది, నిలిస్తే పసుపుది గుచ్చాను. ఇష్టం వచ్చినట్టు గుచ్చిన సూది ఒక్కటీ లేదు. నల్లవి 131, పసుపువి 83. పాడైన ఊళ్ళ దగ్గర చిటికెడు బూడిదమట్టితో పాటిదిబ్బలు పోశాను. దక్షిణం రైతులు బండ్లు కట్టుకుని వచ్చి ఆ పాటిమన్ను తమ చేలకు ఎరువుగా తవ్వుకుపోతారని కథలో రాసుకున్నాను. పాత ఊరు అలా కొత్త పంటలోకి పోతుంది.

పోయిన ఆదివారం పెద్దనాయిన వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కోటలు చూడలేదు. మూడో చెరువు దగ్గర ఆగి, గండి మీద వేలు పెట్టాడు.

"ఇది పోస్తే కింద రెండు నిలుస్తయి. గండి ఎంత?"

లెక్క వేశాం. గండి వెడల్పు 40 మీటర్లు, కట్ట ఎత్తు 6, పైన వెడల్పు 3, అడుగున 21. అడ్డకోత 72 చదరపు మీటర్లు, మొత్తం 2,880 ఘనపు మీటర్ల మట్టి. తవ్వి, మోసి, తొక్కించడానికి మనిషికి రోజుకు 2 ఘనపు మీటర్లు అనుకుంటే 1,440 పనిరోజులు. 60 మంది అయితే 24 రోజులు.

"ఇరవైనాలుగు దినాలు," అన్నాడు. "వానలకు ముందు అయితది. కానీ పని జేసేటోళ్ళు ఆడ్నే పండుకోవాలె. రాత్రి దీపం పెట్టాలె."

ఆ కట్ట పక్కన ఉన్న నల్ల సూది తీసి పసుపుది గుచ్చాను.

ఇప్పటిదాకా: 155 గంటలు, 4,940 రూపాయలు. నల్లవి 130, పసుపువి 84.